రోడ్డు అంచు దెబ్బ తర్వాత కారు సస్పెన్షన్ చప్పుళ్లు: లోపం కనిపెట్టే పద్ధతి

చక్రం రోడ్డు అంచుకో, డివైడర్ రాయికో, కల్వర్టు దిమ్మెకో గట్టిగా తగిలిన తర్వాత కారు అడుగు నుంచి కొత్తగా వచ్చే చప్పుడును పట్టి, దెబ్బతిన్న భాగాన్ని కనిపెట్టడం మోటారు మరమ్మతులో ప్రత్యేకమైన పని. చప్పుడు ఎలా ఉందన్నదానికంటే ఎప్పుడు వస్తోందన్నది ఇందులో ముఖ్యం. బ్రేకు నొక్కినప్పుడా, స్టీరింగ్ తిప్పినప్పుడా, గతుకు ఎక్కినప్పుడా, వేగం పెరిగే కొద్దీనా అని ముందు విడదీసుకుంటే అనుమానించాల్సిన భాగాలు ఒకటి రెండుకు తగ్గుతాయి. ఆ పని చేయకుండా అందాజుగా షాకబ్జర్లు మార్చడం, అలైన్‌మెంట్ చేయించి ఊరుకోవడం డబ్బు దండగ. లోపల వంగిన ఆర్మో, వదులైన బాల్ జాయింటో మిగిలిపోతే అది ప్రాణాల మీదికి తెస్తుంది.

ప్రాంతీయ నేపథ్యం

ఈ వ్యాసం ముండ్లమూరు పరిసరాల రోడ్లను దృష్టిలో పెట్టుకున్నది. ముండ్లమూరు ప్రకాశం జిల్లాలో అద్దంకి, దర్శి పట్టణాల మధ్య ఉన్న మండల కేంద్రం. అక్కడి నుంచి పడమరగా పొదిలి, మార్కాపురం, కంభం, గిద్దలూరు దాకా ఉన్న మెట్ట ప్రాంతంలో కాలిబాట, దాని అంచురాయి ఉన్న వీధులు తక్కువ. చక్రానికి తగిలేవి ఇక్కడ వేరు. పట్టణంలోకి వచ్చే చోట డివైడర్ మొదలయ్యే దిమ్మె, ఇరుకు కల్వర్టు గోడ, ఊరి సిమెంటు రోడ్డు అంచు, ఎవరికి తోచిన ఎత్తులో వారు పోసుకున్న స్పీడ్ బ్రేకరు, ఇవే ఎక్కువ.

నేల స్వభావం కూడా ఇందుకు తోడవుతుంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారి కుంగుతుంది. ఆ నేలలో తారు రోడ్డు పక్కన ఉండే మట్టి మార్జిన్ నాలుగు వానలకు జారిపోయి, తారు అంచు గట్టులా నిలబడుతుంది. సిమెంటు రోడ్డు పక్కన గ్రావెల్ పోసి సమం చేయకపోయినా ఇదే పరిస్థితి. చీమకుర్తి గ్రానైట్ దిమ్మెల లారీయో, గడ్డి ట్రాక్టరో ఎదురొస్తే కారు ఎడమ చక్రాలు మార్జిన్‌లోకి దిగక తప్పదు. తిరిగి ఎక్కేటప్పుడు టైరు పక్కగోడ, రిమ్ము ఆ అంచును ఒరుసుకుంటూ వస్తాయి. మన దేశంలో ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఇలాంటి దెబ్బ ముందు ఎడమ చక్రానికే ఎక్కువగా తగులుతుంది. పరీక్ష అక్కడ మొదలుపెట్టి, రెండో పక్కతో పోల్చుకుంటూ పోవాలి.

నంద్యాల–గిద్దలూరు, దోర్నాల–శ్రీశైలం ఘాట్ రోడ్లలో ప్రమాదం ఇంకో తీరుగా ఉంటుంది. మలుపులో ఎదుటి బస్సుకు దారి ఇవ్వబోయి కొండవైపు కాలువ అంచుకు చక్రం ఆనుతుంది. అప్పుడు కారు బరువులో ఎక్కువ భాగం మలుపు బయటి చక్రాల మీద ఉంటుంది కాబట్టి, బయటి చక్రం తగిలితే నెమ్మదిగా పోతున్నా దెబ్బ గట్టిదే.

అంచు ఎత్తు, దెబ్బ దిశ

రోడ్డు ఇంజనీరింగ్‌లో అంచురాళ్లను ఎత్తును బట్టి స్థూలంగా మూడు తరగతులు చేస్తారు. వాహనం అవసరమైతే ఎక్కగలిగేది సుమారు 10 సెంటీమీటర్లు, కష్టం మీద ఎక్కేది 15, ఎక్కకుండా అడ్డుకునేది 20 సెంటీమీటర్లు. స్పీడ్ బ్రేకర్ల కోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో తెచ్చిన ఐఆర్‌సీ 99 ప్రమాణం 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్ధపు వంపు ఉండాలని చెప్పింది. అలా కట్టిన దాన్ని గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఇబ్బంది లేకుండా దాటవచ్చు. అంతే ఎత్తును రెండు అడుగుల వెడల్పులో పోస్తే అది వాహనానికి మెట్టే అవుతుంది.

దెబ్బ తీవ్రత ఎత్తుతో పాటు ఎందుకంత పెరుగుతుందో చిన్న లెక్క చెబుతుంది. చిన్న కారు చక్రం ఇరుసు నేల నుంచి దాదాపు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. 15 సెంటీమీటర్ల అంచు తగిలినప్పుడు, తగిలిన చోటు నుంచి ఇరుసుకు గీసిన గీత నిలువుకు 60 డిగ్రీలు వాలి ఉంటుంది. అంటే చక్రాన్ని పైకి లేపే బలం కంటే వెనక్కి తోసే బలమే ఎక్కువ. పైకి వచ్చే దెబ్బను కాచుకోవడానికి స్ప్రింగు, షాకబ్జరు ఉన్నాయి. వెనక్కి తోసే దెబ్బకు స్ప్రింగు లేదు. చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్, దాని రబ్బరు బుష్‌లు, ఆ ఆర్మ్ బిగించి ఉండే సబ్‌ఫ్రేమ్ బోల్టులే దాన్ని భరించాలి. అంచు దెబ్బ తిన్న కారులో షాకబ్జరు బాగానే ఉండి ఆర్మ్ వంగడానికి కారణం ఇదే. వేగం 20 నుంచి 40 కిలోమీటర్లకు పెరిగితే దెబ్బలోని శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది.

వాహనాన్ని బట్టి తేడా

పాత వాహనాల నిర్మాణం వేరు, వాటి చప్పుళ్లు వేరు. 2014 దాకా తయారైన అంబాసిడర్‌కు ముందు టార్షన్ బార్లు, వెనక కమాన్ కట్టలు ఉండేవి. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతీ 800తో మన ఊళ్లలో మెక్‌ఫర్సన్ స్ట్రట్ మామూలైంది. అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ 1940లలో రూపొందించిన ఈ పద్ధతిలో స్ప్రింగు, షాకబ్జరు ఒకే నిలువు గొట్టంగా ఉండి, పైన బాడీకి, కింద చక్రాన్ని మోసే నకిల్‌కు బిగిసి ఉంటాయి. స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా లాంటి కార్లన్నిటికీ ముందు భాగం ఇదే, వెనక టార్షన్ బీమ్. బొలెరోలో ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు ఉంటాయి. కాబట్టి బొలెరో వెనక నుంచి వచ్చే కిర్రుకు కట్టల మధ్య తుప్పును, షాకిల్ బుష్‌లను చూడాలి. ఈ వ్యాసం ప్రధానంగా మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కార్ల గురించి.

దెబ్బ సోకే భాగాలు

దెబ్బ ఒక వరుసలో లోపలికి ప్రయాణిస్తుంది. మొదట టైరు, రిమ్ము. తర్వాత హబ్ బేరింగు, నకిల్. అక్కడి నుంచి మూడు దారులు. కిందికి బాల్ జాయింటు ద్వారా లోయర్ ఆర్మ్‌కు, పక్కకు టైరాడ్ ఎండ్, ర్యాక్ ఎండ్ ద్వారా స్టీరింగ్ ర్యాక్‌కు, పైకి స్ట్రట్ ద్వారా టాప్ మౌంటుకు. రెండు పక్కల చక్రాలను కలిపే స్టెబిలైజర్ బార్, దాని లింకులు కూడా ఇందులో పాలుపంచుకుంటాయి.

లోయర్ ఆర్మ్ తలుపు రెక్కలా పనిచేస్తుంది. సబ్‌ఫ్రేమ్ వైపు ఉన్న రెండు బుష్‌లు దానికి బందులు. ముందు బుష్ ఇనుప గొట్టంలో బిగుసుకున్న గట్టి రబ్బరు. వెనక బుష్ పెద్దది, మెత్తనిది, చాలా కార్లలో దాని రబ్బరు మధ్య కావాలనే ఖాళీలు వదులుతారు. చక్రం వెనక్కి నెట్టబడినప్పుడు మొదట చిరిగేది ఈ వెనక బుష్షే. చిరుగు పైనుంచి కనపడదు. ఆర్మ్‌ను రాడ్డుతో ఒక పక్కకు ఒత్తి పట్టుకుంటే రబ్బరులో నల్లటి పగులు నోరు తెరుస్తుంది, వదలగానే మూసుకుపోతుంది. అందుకే కారును ఊరికే లిఫ్టు మీద ఎక్కించి టార్చి వేసి చూసినవాళ్లు ‘బుష్ బాగానే ఉంది’ అనేస్తుంటారు.

చప్పుళ్లు, వాటి సందర్భాలు

చిన్న గతుకుల మీద నెమ్మదిగా పోతుంటే వచ్చే టకటక. ముందుగా అనుమానించాల్సింది స్టెబిలైజర్ లింకు. దాని చివర ఉన్న చిన్న బంతి కీలు వదులైతే, ఒక చక్రం లేచి రెండోది లేవని గతుకులో చప్పుడు ఎక్కువగా, రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కే స్పీడ్ బ్రేకరు మీద తక్కువగా వినిపిస్తుంది. తేల్చుకునే మార్గం తేలిక. కారు నేల మీదే ఉండగా ఒకరు బానెట్ పక్క పట్టుకుని పక్కలకు ఊపాలి, ఇంకొకరు లింకు కీలు మీద వేలి కొస ఆనించాలి. చెవికి పట్టకపోయినా వదులు కీలులోని ‘టిక్కు’ వేలికి స్పష్టంగా తెలుస్తుంది.

బ్రేకు వేసినప్పుడు ఒకసారి, వదిలి బండి కదిలినప్పుడు ఇంకోసారి వచ్చే ధబ్బు. ఇది చాలావరకు లోయర్ ఆర్మ్ వెనక బుష్ చిరుగు, లేదా సబ్‌ఫ్రేమ్ బోల్టు సడలడం. బ్రేకు పడగానే చక్రం వెనక్కి, వదలగానే ముందుకు జరగడం వల్ల రెండు చప్పుళ్లు వస్తాయి. దీనితోపాటు బ్రేకు వేసినప్పుడల్లా కారు ఒక పక్కకు లాగుతుంటే అనుమానం దాదాపు ఖాయం.

బండి ఆగి ఉండగా స్టీరింగ్ తిప్పితే ‘టంగు’మనడం. స్ప్రింగు చివరి చుట్టు విరిగి ఉండవచ్చు, స్ట్రట్ పైనున్న మౌంటు బేరింగు పట్టేసి ఉండవచ్చు. స్ప్రింగు మీద చేయి ఆనించి (వేళ్లు చుట్ల మధ్యకు పోకుండా) ఇంకొకరి చేత స్టీరింగ్ తిప్పిస్తే, స్ప్రింగు ఎగిరి పడుతున్నట్టు చేతికి తగులుతుంది. విరిగిన ముక్క టైరు వైపు జరిగితే టైరును కోసేస్తుంది కాబట్టి ఇలాంటి కారును నడపకూడదు.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు వచ్చే టిక్‌టిక్‌టిక్. ఇది డ్రైవ్ షాఫ్ట్ బయటి సీవీ జాయింటు లక్షణం. దెబ్బలో రబ్బరు బూటు చిరిగి గ్రీజు బయటికి చిమ్మి ఉంటే చక్రం లోపలి వైపు నల్లని చారలు కనపడతాయి. చప్పుడు ఇంకా రాకముందే బూటు చిరుగు గమనిస్తే కొత్త బూటు, గ్రీజుతో సరిపోతుంది. దుమ్ము చేరి బంతులు అరిగాక జాయింటే మార్చాలి.

వేగం పెరిగే కొద్దీ పెరిగే గూం శబ్దం. ఇది హబ్ బేరింగు. దెబ్బకు బేరింగు గుండ్లు తమ దారి ఉక్కులోకి ఒత్తుకుని కంటికి కనపడనంత చిన్న గుంటలు చేస్తాయి. ఉక్కు గట్టిదనాన్ని గుండు ఒత్తి కొలిచే పరీక్షను 1900లో ప్రకటించిన స్వీడన్ ఇంజనీరు బ్రినెల్ పేరుతోనే ఈ లోపాన్ని బ్రినెల్లింగ్ అంటారు. మొదట చిన్నగా ఉన్న గుంట తిరిగే కొద్దీ పెచ్చులూడుతుంది కాబట్టి, దెబ్బ తగిలిన కొన్ని రోజులకో వారాలకో గానీ శబ్దం బయటపడదు. అప్పటికి దెబ్బ సంగతి మరచిపోయి చాలామంది టైర్ల అరుగుదల అనుకుంటారు. వెడల్పైన ఖాళీ రోడ్డు మీద కారును నిదానంగా కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రాల మీదికి పోతుంది. అప్పుడు శబ్దం పెరిగితే లోపం ఎడమ బేరింగులో ఉంది, తగ్గితే కుడి బేరింగును చూడాలి.

చక్రం తిరిగే లయలో వచ్చే ధబధబ. టైరు పక్కగోడలో దారాలు తెగి ఉబ్బు రావడం, రిమ్ము అంచు వంగడం దీనికి కారణాలు. టైరు ఉబ్బు వెంటనే రాకపోవచ్చు, రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ చూడాలి. ఉబ్బిన టైరుకు మరమ్మతు లేదు.

నిరంతరం వచ్చే గీరుడు శబ్దం. బ్రేకు డిస్కు వెనకున్న పల్చటి రేకు వంగి డిస్కుకు తగలడం, మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ ఊడి టైరుకు ఆనడం ఎక్కువ సార్లు కారణాలు. చెవికి భయంకరంగా వినిపించినా అన్నిటిలో తేలికైన లోపం ఇదే, రేకు వెనక్కి వంచితే పోతుంది. అయితే ప్లాస్టిక్ ఊడకుండానే టైరు దానికి తగులుతుంటే, చక్రమే తన చోటు నుంచి జరిగిందని అర్థం.

గతుకులో కిర్రుమనడం. బాల్ జాయింటు రబ్బరు టోపీ చిరిగి గ్రీజు కారి నీళ్లు చేరితే ఈ ధ్వని వస్తుంది. పైకి చిన్నగా ఉన్నా అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. కీలు గూటి నుంచి ఊడితే చక్రం బయటికి వాలిపోయి కారు ఉన్నచోటే కూలబడుతుంది.

సస్పెన్షన్‌కు సంబంధం లేని చప్పుళ్లను కూడా ముందే తొలగించుకోవాలి. దెబ్బకు సైలెన్సరు రబ్బరు తెగి గొట్టం అడుగుకు కొట్టుకోవచ్చు, దాని మీది వేడి ఆపే రేకు సడలవచ్చు. డిక్కీలోని జాకీ, స్టెప్నీ తమ చోటు నుంచి కదలవచ్చు. డిక్కీ ఖాళీ చేసి ఒకసారి నడిపి చూడటం దండగ పని కాదు.

పరీక్ష వరుస

దెబ్బ తగిలిన చోట చేయాల్సినవి పనిముట్లు అక్కరలేనివి. బండిని పక్కకు ఆపి, హజార్డ్ లైట్లు వేసి, నాలుగు విషయాలు చూడాలి. టైరులో గాలి, పక్కగోడలో కోత లేదా ఉబ్బు. రిమ్ములో పగులు. బండి కింద నూనె లేదా బ్రేక్ ఆయిల్ చుక్కలు. చివరిది, చాలామంది చూడనిది, చక్రం తన గూటి మధ్యలో ఉందా లేదా. స్టీరింగ్ తిన్నగా పెట్టి, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ముందు, వెనక సందులో వేళ్లు పెట్టి కొలవాలి. రెండో పక్క చక్రానికీ అలాగే కొలవాలి. ఎడమ వైపు వెనక సందు రెండు వేళ్లు తక్కువగా ఉంటే ఆర్మ్ వంగిందనో, సబ్‌ఫ్రేమ్ జరిగిందనో అనుకోవాలి.

షెడ్డులో తర్వాతి మెట్టు జాకీ. బండిని జాకీ మీద మాత్రమే వదలకుండా స్టాండు పెట్టాకే చేయి లోపల పెట్టాలి. చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపినప్పుడు కదలిక ఉంటే బేరింగు లేదా బాల్ జాయింటు. ఈ రెండింటినీ విడదీయాలంటే ఇంకొకరు బ్రేకు నొక్కి పట్టుకోవాలి. కదలిక పోతే బేరింగు, ఉంటే బాల్ జాయింటు. చక్రాన్ని కుడి ఎడమ అంచుల దగ్గర పట్టుకుని ఊపినప్పుడు వదులుంటే టైరాడ్ ఎండ్ లేదా ర్యాక్ ఎండ్. ఏది అన్నది, ర్యాక్ రబ్బరు బూటును బయటి నుంచి పిసికి పట్టుకుని ఊపితే చేతికి తెలుస్తుంది.

చక్రాన్ని చేత్తో తిప్పుతూ రిమ్ము అంచు పక్కన సుద్దముక్కను కదలకుండా పట్టుకుంటే, వంపు ఉన్న చోట మాత్రమే గీత పడుతుంది. ఆ తర్వాత రాడ్డుతో ఆర్మ్ బుష్‌లను ఒత్తి చూడాలి. స్ట్రట్ గొట్టం మీద నూనె తడి, రాడ్డు వంపు గమనించాలి. దుమ్ము పట్టిన సబ్‌ఫ్రేమ్ బోల్టు చుట్టూ కొత్తగా మెరిసే గీత కనపడితే, ఫ్రేమ్ తన చోటు నుంచి కదిలిందనడానికి అదే సాక్ష్యం. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. దెబ్బ తర్వాత డ్యాష్‌బోర్డులో ఏబీఎస్ దీపం వెలిగితే చక్రం దగ్గరి సెన్సరు, దాని వైరు కూడా చూడాలి.

అలైన్‌మెంట్ కొలతల్లో చూడాల్సినవి

వీల్ అలైన్‌మెంట్ ఇక్కడ రోగ నిర్ధారణకు పనికొస్తుంది, అదే చికిత్స కాదు. చాలా చిన్న కార్లలో ముందు చక్రాలకు టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం) మాత్రమే తేలిగ్గా సరిచేయగలం. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు), క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వాలు) తేడా వస్తే ఏదో వంగినట్టే. రెండు పక్కల క్యాస్టర్ తేడాగా ఉండి, ఎడమ చక్రం వెనక్కి జరిగి కనిపిస్తే లోపం ఆర్మ్, బుష్, సబ్‌ఫ్రేమ్ వైపు ఉంది.

క్యాంబర్‌ను, ముందు నుంచి చూసే స్టీరింగ్ ఇరుసు వాలును కూడితే వచ్చే మొత్తం కోణం రెండు పక్కలా సమానంగా ఉండాలి. ఆ మొత్తం తేడాగా వస్తే నకిల్ లేదా స్ట్రట్ వంగింది. మొత్తం సమానంగా ఉండి, విడివిడి కోణాలు తేడాగా ఉంటే లోయర్ ఆర్మ్ గానీ, సబ్‌ఫ్రేమ్ గానీ పక్కకు జరిగింది. యంత్రం ఇచ్చే కాగితంలో మరమ్మతుకు ముందు, తర్వాత కొలతలు రెండూ ఉండేలా అడిగి తీసుకోవాలి. వంగిన ఆర్మ్‌ను అలాగే ఉంచి టో సరిచేస్తే స్టీరింగ్ తిన్నగా కనిపిస్తుంది గానీ టైరు ఒక పక్క అంచు నున్నగా అరిగిపోతుంది.

మరమ్మతు

వంగిన లోయర్ ఆర్మ్‌ను, టైరాడ్‌ను గ్యాస్‌తో కాల్చి సుత్తితో సరిచేయడం పల్లెల్లోనూ పట్టణాల్లోనూ ఇంకా ఉంది. దీన్ని పూర్తిగా మానాలి. ఎర్రగా కాలిన ఉక్కుకు తయారీలో ఇచ్చిన గట్టిదనం పోతుంది. చూపుకు తిన్నగా ఉన్న ఆ భాగం ఇంకో గతుకులో మళ్లీ వంగుతుంది, లేదా ముందు చెప్పకుండా విరుగుతుంది. పగిలిన అలాయ్ రిమ్ముకు వెల్డింగు కూడా అలాంటిదే. వేల రూపాయల ఆదా కుటుంబాన్ని ఎక్కించుకుని పోయే బండిలో చేయదగినది కాదు.

ఇంకో పొరపాటు బిగింపులో జరుగుతుంది. కొత్త ఆర్మ్ వేసినప్పుడు చక్రం గాలిలో వేలాడుతుండగానే బుష్ బోల్టులను పూర్తిగా బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలితిరిగిన స్థితిలో ఉండిపోతుంది. కొత్త బుష్ కొద్ది నెలల్లోనే చిరిగి పాత చప్పుడు తిరిగి వస్తుంది. బోల్టులు చేతి బిగువుతో పెట్టి, బండి బరువు చక్రాల మీద పడ్డాక టార్కు రెంచితో ఆఖరి బిగింపు ఇవ్వాలి. షాకబ్జర్లు, స్ప్రింగులు మార్చాల్సి వస్తే జతగా మార్చాలి. ఒకసారి తీసిన స్ప్లిట్ పిన్నులు, లాక్ నట్లు మళ్లీ వాడకూడదు. అన్నీ అయ్యాక అలైన్‌మెంట్ చేయించి, మొదట చప్పుడు వచ్చిన రోడ్డు మీదే, అదే వేగంతో నడిపి చూడాలి.

బీమా

సొంత నష్టానికి రక్షణ ఉన్న పాలసీ అయితే బండి విప్పకముందే బీమా కంపెనీకి తెలపాలి. భాగాలు విప్పి పడేశాక సర్వేయరుకు దెబ్బ ఎలా తగిలిందో చూపించడం కష్టం. మామూలు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్, టైర్ల ధరలో 50 శాతం తరుగుదల కింద కోస్తారు. ఇనుప భాగాలకు బండి వయసును బట్టి కోత ఉంటుంది. తరుగుదల లేని అదనపు రక్షణ తీసుకుంటే ఈ కోత తగ్గుతుంది. అవసరమైన మరమ్మతు చేయించకుండా బండిని నడిపి నష్టం పెంచుకుంటే, ఆ పెరిగిన నష్టాన్ని యజమానే భరించాలని పాలసీ షరతు చెబుతుంది. చప్పుడుతోనే ఒంగోలు దాకా తోలుకుపోయేవారు ఈ షరతును గుర్తుంచుకోవాలి.

నడపకూడని సందర్భాలు

కొన్ని లక్షణాలు ఉంటే దూరం ఎంత తక్కువైనా బండిని లాగించుకుపోవాలే తప్ప నడపకూడదు. టైరు పక్కగోడలో ఉబ్బు లేదా కోత, రిమ్ములో పగులు, చక్రం గూటిలో వెనక్కి జరగడం, స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నా బండి పక్కకు పోవడం, బ్రేక్ ఆయిల్ కారడం, చక్రాన్ని పైన కింద పట్టుకుని ఊపితే కంటికి కనపడే కదలిక, విరిగిన స్ప్రింగు ఇందులోకి వస్తాయి. లింకు టకటక, డిస్కు రేకు గీరుడు మాత్రమే ఉన్నాయని చక్రం ఊపి చూసి నిర్ధారించుకున్నాకే నెమ్మదిగా షెడ్డుకు నడుపుకుపోవచ్చు. అద్దెకు తిప్పే ట్యాక్సీలకు, బడిపిల్లలను, ఆసుపత్రికి రోగులను తీసుకుపోయే వాహనాలకు ఈ నియమం మరింత కచ్చితంగా వర్తించాలి. అందులో కూర్చున్నవారికి ఆ బండికి నిన్న ఏ అంచు తగిలిందో తెలియదు. తెలిసింది డ్రైవరుకే కాబట్టి, చూపించుకున్నాకే బండి తీయడం అతని బాధ్యత.